కొత్త బ్యాటరీ వేసినా ఉదయం సెల్ఫ్ అందుకోవడం లేదు, ఘాట్‌లో హీట్ ఎక్కుతోంది (2010 డీజిల్ ఎస్‌యూవీ)

పామాయిల్ తోట, అశ్వారావుపేట

అందరికీ నమస్కారం. మా బండి 2010 మోడల్, ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ. కామన్ రైల్ ఇంజన్ (ఒకే పైపు నుంచి ఇంజెక్టర్లన్నింటికీ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది), వెనక చక్రాల డ్రైవ్. మీటరు రెండు లక్షల పది వేలు దాటింది. నాన్నగారు కొన్న బండి. తోటకి ఎరువు బస్తాల దగ్గర్నుంచి చెల్లి పెళ్లి సామాను దాకా అన్నీ మోసింది. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకి రెన్యువల్ కూడా చేయించాం. అందుకని అమ్మేసి కొత్తది తీసుకోమనే సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి.

ముందు సెల్ఫ్ సంగతి. పొద్దున్నే తాళం తిప్పితే ‘టిక్’ అని ఒకే ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతుంది. డాష్‌బోర్డు లైట్లు మసకబారతాయి. మళ్లీ మళ్లీ తిప్పితే ఎప్పటికో అందుకుంటుంది, అదీ బరువుగా. ఊళ్లోకి వెళ్లొచ్చాక వెంటనే కొడితే పర్వాలేదు. బ్యాటరీ మొన్న సంక్రాంతికే కొత్తది వేయించాను. షాపులో టెస్టర్ పెట్టి చూసి బాగానే ఉందన్నారు.

లైట్లు కూడా తేడాగా ఉన్నాయి. బండి ఐడిల్‌లో ఉండగా పవర్ విండో ఎత్తితే హెడ్‌లైట్లు తగ్గి మళ్లీ పెరుగుతాయి. బ్రేకు తొక్కితే వెనక ఎడమవైపు ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతోంది.

ఇక హీట్. మామూలు రోడ్డు మీద ఎంత దూరం పోయినా ముల్లు సగం దగ్గరే ఉంటుంది. భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి వెళ్తూ ఘాట్ ఎక్కుతుంటే, ఏడుగురం ఉన్నాం, ఏసీ వేసి ఉంది, ముల్లు ముప్పావు దాటిపోయింది. ఏసీ ఆపి మెల్లగా పోతే దిగింది. ట్యాంకులో కూలెంట్ కొద్దికొద్దిగా తగ్గుతోంది, బోరు నీళ్లు పోసి సర్దుతున్నాం. ఇవి కాక ముందు ఎడమ చక్రం దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ‘టక్’మంటోంది.

షెడ్డులో చూపిస్తే సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ (బండి నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసేది) రెండూ మార్చాలన్నారు. హీట్‌కి థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు) పీకేస్తే సరిపోతుందన్నారు. ఖర్చుకి వెనకాడను కానీ, అసలు జబ్బు ఏంటో తెలియకుండా పార్టులు మార్చడానికి మనసొప్పడం లేదు. తోట మోటార్ల కోసం కొన్న మల్టీమీటర్ ఇంట్లో ఉంది. దాంతో నేను చూసుకోగలిగినవి ఏమైనా ఉంటే చెప్పండి.

అరకు రోడ్డు, విశాఖ

నమస్తే అండి. నాదీ ఆ ఈడు బండే, ఇంకా నడుపుతున్నాను. హీట్ గురించి నాకు తెలిసింది చెప్తాను, కరెంటు సంగతి తెలిసినవాళ్లకి వదిలేస్తున్నాను.

హీట్ ఎప్పుడు ఎక్కుతోంది అన్నదాంట్లోనే సగం జవాబు ఉంటుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఎక్కి, రోడ్డెక్కగానే దిగిపోతే ఫ్యాన్‌ని అనుమానించాలి. మీది లోడ్ మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కుతోంది కాబట్టి రేడియేటర్ చాలడం లేదు, లేదా దాని గుండా గాలి పోవడం లేదు. ముందు గ్రిల్ లోంచి టార్చి వేసి చూస్తే ఏసీ కండెన్సర్ ముఖం శుభ్రంగానే కనిపిస్తుంది. కండెన్సర్‌కీ దాని వెనకున్న రేడియేటర్‌కీ మధ్య సందు ఉంటుంది. దుమ్ము, పురుగులు, దూది, ఎండు గడ్డి అన్నీ చేరేది ఆ సందులోకే. నా బండికి పైనున్న బ్రాకెట్లు విప్పి రేడియేటర్‌ని కొంచెం వెనక్కి వంచితే పాత పరుపులో దూదిలా మందంగా ఒక పొర ఊడొచ్చింది. అది తీశాక అనంతగిరి ఘాట్ మొత్తం ఏసీ మీదే ఎక్కాను. తోటల్లో తిరిగే బండికి ఇది ఇంకా ఎక్కువ ఉంటుంది. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెజర్‌తో కొట్టించండి. సర్వీసింగ్ సెంటర్లో గన్ దగ్గరగా పెట్టి కొడితే ఆ సన్నటి రేకులన్నీ పడుకుంటాయి, ఆ తర్వాత అసలే గాలి పోదు.

థర్మోస్టాట్ మాత్రం పీకించకండి. అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ చల్లగానే ఉండిపోతుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. అనుమానం ఉంటే కొత్తది వేయించండి, పెద్ద ఖరీదేం కాదు. బోరు నీళ్లు ఈ రోజే ఆపేయండి. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. టీ గిన్నెకి పట్టే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల లోపల కూడా పడుతుంది. మొత్తం తీయించి కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించండి.

బెజవాడ ఆటోనగర్ ఎలక్ట్రీషియన్

తమ్ముడూ, నువ్వు రాసింది పూర్తిగా చదివాను. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ రెండూ ఒకేసారి పోవడం లోకంలో లేదని అనను. కానీ నువ్వు చెప్పిన గుర్తులన్నీ వేరే దారి చూపిస్తున్నాయి. ఆ రెంటినీ కదపకముందు ఎర్త్ చూడు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి.

ఇంజన్‌ని ఛాసిస్ మీద రబ్బరు మౌంటింగుల మీద కూర్చోబెడతారు. రబ్బరులో కరెంటు పోదు. అందుకని ఇంజన్ నుంచో గేర్‌బాక్స్ నుంచో ఛాసిస్‌కి ఒక అల్లిన రాగి పట్టీ, బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజన్‌కో బాడీకో ఒక లావు కేబుల్ ఇస్తారు. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు అంతా తిరిగి బ్యాటరీకి రావాల్సింది ఆ దారిలోనే. ఆల్టర్నేటర్‌కి కూడా ఎర్త్ దాని బాడీయే, అంటే ఇంజనే. ఆ ఒక్క దారి చెడితే సెల్ఫ్ బరువవుతుంది, ఛార్జింగ్ తగ్గుతుంది, లైట్లు ఊగుతాయి, కొత్త బ్యాటరీ కూడా నిండదు. నీకున్న జబ్బులు అవే కదా.

పట్టీ బాగుందో లేదో చాలామంది మీటర్‌ని బజర్ మీద పెట్టి చూస్తారు. ‘బీప్’ అనగానే బాగుందనేస్తారు. ఇక్కడే మోసపోతారు. డీజిల్ ఇంజన్ సెల్ఫ్ తక్కువలో తక్కువ 200 ఆంపియర్లు లాగుతుంది. ఆ దారిలో 0.005 ఓమ్ అడ్డు ఉంటే చాలు, ఒక వోల్టు అక్కడే ఆవిరైపోతుంది. 0.005 ఓమ్ మన మీటర్లకి కనబడదు. అందుకని లోడ్ మీద ఉన్నప్పుడే చూడాలి.

ఎలాగంటే, బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగు. పొద్దున తాళం పెట్టకముందు బ్యాటరీ మీద వోల్టేజీ చూసి రాసుకో. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12 దగ్గర ఉంటే ఆకలి మీద ఉన్నట్టు. తర్వాత మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్ పోస్టుకి తగిలించు. క్లాంపుకి కాదు, లోపలి సీసపు పోస్టుకే. ఎర్ర వైరు ఇంజన్ మీద పెయింటు లేని చోట, ఇంజన్ ఎత్తే కొక్కెం మీద పెట్టు. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని మీటరు చూడు. 0.2, 0.3 లోపు ఉంటే ఎర్త్ మంచిదే. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. అలాగే ఎర్ర వైరు బ్యాటరీ పాజిటివ్ పోస్టుకి, నల్ల వైరు సెల్ఫ్ మోటారు మీద లావు కేబుల్ బిగించిన బోల్టుకి పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించు. అక్కడ కూడా అర వోల్టు లోపే ఉండాలి. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మీద వోల్టేజీ 9.6 కంటే కిందికి పడకూడదు. పడిందంటే బ్యాటరీలో బలం లేదు, లేదంటే మోటారే బిగిసింది.

మీటరు కంటే తేలిక దారి ఇంకోటి ఉంది. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, రెండో కొస అదే కొక్కేనికి పట్టించి సెల్ఫ్ కొట్టు. ఇంజన్ గిర్రున తిరిగిందంటే ఇక వెతకక్కర్లేదు. చెడ్డ పట్టీకి పక్కదారి ఇచ్చావన్నమాట. ఆ దారి లేనప్పుడు కరెంటు దొరికిన సన్న తీగల్లోంచల్లా పోతుంది. ఎర్త్ పోయిన పాత బళ్లలో యాక్సిలరేటర్ కేబుల్, గేర్ కేబుల్ కాలిపోవడం నా కళ్లతో చూశాను. బ్రేకు తొక్కితే నీ ఇండికేటర్ వెలగడం కూడా ఈ కుటుంబంలో జబ్బే. వెనక ల్యాంపుకి ఎర్త్ అందక ఆ కరెంటు ఇండికేటర్ బల్బులోంచి దారి వెతుక్కుంటోంది. ల్యాంపు విప్పి నల్ల వైరు బాడీకి ఎక్కడ బిగించారో చూడు.

నువ్వు ఎరువు బస్తాలు వేస్తానన్నావు. పామాయిల్‌కి పొటాష్ ఎక్కువ వాడతారుగా? మనకి దొరికే ఎర్ర పొటాష్ క్లోరైడే, అంటే ఉప్పు జాతి. ఒక బస్తా చిరిగినా ఆ పొడి కార్పెట్ కిందికి, తలుపు అంచుల్లోకి పోయి గాలిలో తేమ పీల్చుకుంటుంది. కడిగినప్పుడు నీళ్లతో పాటు ఛాసిస్ మీదికి దిగుతుంది. ఇనుమూ రాగీ కలిసే బోల్టుల దగ్గర దానికంటే పెద్ద శత్రువు లేదు. వెనక సీట్ల కింద కార్పెట్ ఒకసారి ఎత్తి చూడు.

పట్టీ దొరికాక, ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పు. బిగించేటప్పుడు ఆఖరున బిగించు. రెండు కొసలూ, అవి కూర్చునే ఇనుమూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దు. పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించు. వ్యాజలీన్ రాసేది బిగించాక, పైన. ముందే రాస్తే మధ్యలో చేరుతుంది. పట్టీ తీగలు తెగినా, చిలుం లోపలికి దిగి పచ్చబడినా రుద్దడం దండగ. 35 స్క్వేర్ ఎం.ఎం. రాగి కేబుల్‌కి లగ్గులు (కొసల్లో బోల్టుకి తగిలించే రింగులు) ప్రెస్ చేయించి కొత్తది వేసెయ్.

ఇప్పుడొక మాట, దీని మీద మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆల్టర్నేటర్ ఛార్జింగ్ చూడ్డానికని బండి నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు చాలా షెడ్డుల్లో ఉంది. నీ బండి మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకు. పీకిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారి పైకి లేస్తుంది. అది ఈసీఎంనీ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఆల్టర్నేటర్ డయోడ్లనీ తినేస్తుంది. మీటరు ఉండగా ఆ అవసరమే లేదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 లోపు ఉంటే ఛార్జింగ్ ఉన్నట్టు. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి మళ్లీ చూడు. 13.5 దగ్గరైనా నిలబడాలి. అలాగే ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి గాలి తీద్దామని పాత పంపుల మీద పనిచేసిన మేస్త్రి ఎవరైనా వస్తే చేయి పట్టుకుని ఆపు. కామన్ రైల్లో ఐడిల్‌లోనే వందల బార్ల ఒత్తిడి ఉంటుంది, లోడ్ మీద వెయ్యి దాటుతుంది. ఆ సన్న ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

ఆల్టర్నేటర్ నిజంగా మార్చాల్సి వస్తే నీ బండికి బ్రేకు వాక్యూమ్ పంపు ఎక్కడుందో చూసుకో. కొన్ని పాత డీజిల్ బళ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఏదో ఒకటి తెచ్చి బిగిస్తే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది.

రీడింగులు తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.

ఖమ్మం బైపాస్ మెకానిక్

ఎలక్ట్రీషియన్ అన్న చెప్పినదాంట్లో నేను కలిపేదేం లేదు. చక్రం శబ్దం గురించి చెప్తా బ్రదర్, ఎందుకంటే నాలుగింట్లో ప్రాణం మీదికి వచ్చేది అదొక్కటే.

ఎడమ చక్రం ఒక్కటే గుంతలో పడ్డప్పుడు టక్‌మని, రెండు చక్రాలూ ఒకేసారి బ్రేకర్ ఎక్కితే పెద్దగా రాకపోతే అది ఎక్కువగా స్టెబిలైజర్ లింక్ రాడ్డే (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు కలిపేది). తక్కువ ఖర్చు, గంట పని. రెండూ కలిసి ఎక్కినప్పుడు కూడా వస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కింది చెయ్యి) రబ్బరు బుష్, లేదంటే దాని కొసనుండే బాల్ జాయింట్. బండి జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, ఒక చెయ్యి చక్రం పైన, ఇంకోటి కింద పెట్టి లోపలికీ బయటికీ ఊపు. పట్టుకున్న చేతికే ఆట, అంటే వదులు, తెలుస్తుంది. ఆట ఉంటే ఒకర్ని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపు. బ్రేకు తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగ్, అప్పుడు కూడా ఉంటే బాల్ జాయింట్. పక్కలు పట్టుకుని ఊపితే వచ్చే ఆట స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌దో, రాక్ ఎండ్‌దో. కింద బాల్ జాయింట్ రబ్బరు కూడా చూడు. చిరిగి గ్రీజు అంతా పోయి ఉంటే ఆట లేకపోయినా దానికి రోజులు దగ్గర పడ్డట్టే. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా లాభం ఉండదు. అది తేలేదాకా ఘాట్ రోడ్డు ఎక్కకు. మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే టైర్లు ఒక పక్కే కొట్టేస్తాయి.

ఒకటి అడగాలి. గేరు వేసి క్లచ్ వదలగానే కింద మధ్యలో టక్‌మంటుందా? అంటే మాత్రం ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి తిప్పుడు అందించే రాడ్డు) క్రాస్ జాయింట్ చూపించు. చాలామంది గ్రీజు కొట్టించడం మానేస్తారు.

పామాయిల్ తోట, అశ్వారావుపేట

అందరికీ చాలా థాంక్స్. అన్నగారూ, మీరు చెప్పినట్టే పొద్దున్నే మా తమ్ముడితో సెల్ఫ్ కొట్టించి చూశాను.

తాళం పెట్టకముందు బ్యాటరీ 12.3. నెగెటివ్ పోస్టుకీ ఇంజన్ కొక్కేనికీ మధ్య సెల్ఫ్ కొట్టినప్పుడు 1.4 వోల్టులు! పాజిటివ్ వైపు 0.3. జంపర్ కేబుల్ పెట్టి కొడితే మొదటిసారికే అందుకుంది. అంత వేగంగా తిరగడం ఈ మధ్య కాలంలో వినలేదు. కిందికి దూరి చూస్తే గేర్‌బాక్స్ నుంచి ఛాసిస్‌కి వచ్చే పట్టీ సగానికి సగం తెగిపోయి ఉంది. మిగిలిన తీగలు వేలితో తాకితే పచ్చటి పొడిగా రాలాయి. ఛాసిస్ వైపు బోల్టు తల తుప్పుకి గుండ్రంగా అయిపోయింది, కోయించి తీయాల్సి వచ్చింది. సత్తుపల్లిలో కొత్త కేబుల్‌కి లగ్గులు ప్రెస్ చేయించి వేశాను. ఇప్పుడు అదే చోట 0.15. ఛార్జింగ్ 14.2, లైట్లూ బ్లోయరూ వేస్తే 13.8. పవర్ విండో ఎత్తినా లైట్లు కదలడం లేదు.

వెనక సీట్ల కింద కార్పెట్ ఎత్తితే మీరన్నట్టే ఎర్రటి పొడి, దాని కింద రేకు పొరలు పొరలుగా లేచి ఉంది. వెనక ల్యాంపు ఎర్త్ బోల్టు దాని పక్కనే. అది రుద్ది బిగించాక ఇండికేటర్ సరిగ్గా ఉంది. ఎరువుకి ఇక మీదట ట్రాలీ ఆటోనే.

ఖమ్మం అన్నా, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంది. బ్రేకు తొక్కినా పోలేదు. గేరు వేసినప్పుడు శబ్దం మాత్రం లేదు. విశాఖ మేడం గారూ, మీరు చెప్పిన సందులో ఆకులూ మట్టీ నిజంగానే ఉన్నాయి, తీసి కడిగించాను. ఇంకా ఘాట్ ఎక్కి చూడలేదు. ఒక్క అనుమానం మిగిలింది. బయట ఎక్కడా కారుతున్నట్టు లేదు, మరి కూలెంట్ ఎందుకు తగ్గుతోంది?

బెజవాడ ఆటోనగర్ ఎలక్ట్రీషియన్

1.4 వోల్టులు అక్కడే పోతుంటే కొత్త మోటారు వేసినా అదే ‘టిక్’ వినేవాడివి. మంచి పని చేశావు. బ్యాటరీ ఇన్నాళ్లూ అరకొర ఛార్జింగ్ మీదే బతికింది కాబట్టి ఒకసారి బయట ఛార్జర్ మీద రాత్రంతా పెట్టించు. నింపి తీశాక కొన్ని గంటలు వదిలేసి చూస్తే 12.6 ఉండాలి. బండికి బిగించి, రాత్రి నిలిపితే తెల్లారేసరికి అది మళ్లీ 12.3కి పడిపోతే బండిలో ఏదో కరెంటు తాగుతోందని అర్థం. మీటరు ఆంపియర్ల మీద పెట్టి, నెగెటివ్ కేబుల్‌కీ పోస్టుకీ మధ్య వరుసలో కలిపి, తలుపులు మూసి అరగంట ఆగి చూడు. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పో, ఏది పీకితే పడిపోతే ఆ లైనులో ఉంది. బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్‌తో మొదలుపెట్టు. మీటరు అలా వరుసలో ఉన్నప్పుడు మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు.

కూలెంట్ సంగతి మెకానిక్ తమ్ముడిదే కానీ, తెలిసింది చెప్తాను. ముందు రేడియేటర్ మూతని అనుమానించు. మూత ఒత్తిడి పట్టి ఉంచితేనే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగకుండా ఆగుతాయి. ఒక బార్ ఒత్తిడి ఉంటే 120 దాకా మరగవు. స్ప్రింగు వదులైతే ఘాట్‌లో ఆవిరై పోతాయి, కింద చుక్క కూడా కనబడదు. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక మూత తీసి రబ్బరు చూడు. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకు. ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా, జిగురుగా ఉంటే హీటర్ కోర్ (క్యాబిన్ హీటర్ కోసం డాష్‌బోర్డు కింద ఉండే చిన్న రేడియేటర్) కారుతున్నట్టు. ఇవేవీ కాక, పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ గట్టిపడుతుంటే, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పై హెడ్‌కీ మధ్య ఉండే సీలు) చూపించాలి. అప్పుడు ఆలస్యం చేయొద్దు. ఈ వారం బాల్ జాయింట్‌కి షెడ్డుకి వెళ్తావుగా, దారిలోనే రేడియేటర్ షాపులో సిస్టమ్‌కి ప్రెజర్ పెట్టించు. మూతని కూడా విడిగా అదే పంపు మీద చూడమను.